డీఫ్రాగ్ చేయాలా, వద్దా? చేస్తే ఎన్నాళ్లకోసారి?

కంప్యూటర్ నెమ్మదించిందని ఎవరితోనైనా అని చూడండి, నలుగురిలో ఒకరైనా "డీఫ్రాగ్ చేసి ఎన్నాళ్లయింది?" అని అడుగుతారు. డీఫ్రాగ్ అంటే డిస్క్ మీద ముక్కలుగా చెదిరిపోయిన ఫైళ్లను మళ్లీ వరసగా ఒకచోట చేర్చడం. విండోస్ 98 రోజుల్లో ఆ ప్రశ్నకు అర్థం ఉండేది. తెరనిండా రంగురంగుల చిన్న గళ్లు, అవి ఒక్కొక్కటే అటూ ఇటూ జరుగుతుంటే గంటల తరబడి చూస్తూ కూర్చునేవాళ్లం. మధ్యలో ఏదో ప్రోగ్రామ్ డిస్క్ మీద చిన్న ముక్క రాసిందంటే అంతే, పది శాతం దాకా వచ్చింది కాస్తా మళ్లీ మొదటికొచ్చేది. ఆ రోజులు చూసినవాళ్లకు డీఫ్రాగ్ ఇప్పటికీ నెలనెలా తీర్చాల్సిన మొక్కుబడే.

ఇప్పుడు పరిస్థితి వేరు. చాలామంది అసలు చేయనక్కర్లేదు. కొందరు చేయకూడదు. కొద్దిమందికి మాత్రం నిజంగానే పనికొస్తుంది. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ముందు అది తేల్చుకోండి, బటన్ తర్వాత నొక్కుదురుగాని.

ముందు డ్రైవ్ ఏ రకమో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లండి. ఎడమవైపు వరసలో డిస్క్ 0, డిస్క్ 1 అని కనిపిస్తాయి. ఇప్పటి విండోస్‌లలో ఆ పేరు కిందే చిన్న అక్షరాల్లో ఎస్‌ఎస్‌డీ అనో హెచ్‌డీడీ అనో రాసి ఉంటుంది.

మీ విండోస్‌లో అలా కనిపించకపోతే ఇంకో దారి. స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని వెతకండి. 'డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్' అని వస్తుంది, తెరవండి. ఒక్కో డ్రైవ్‌కు ఒక్కో వరస ఉంటుంది. అందులో మీడియా టైప్ అన్న గడి చూడండి. సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉంటే అది ఎస్‌ఎస్‌డీ, అంటే డేటాను చిప్పుల్లో దాచేది. హార్డ్ డిస్క్ డ్రైవ్ అని ఉంటే అది హెచ్‌డీడీ, లోపల పళ్లేలు తిరిగే పాత రకం. మిగతా పనంతా ఈ కిటికీలోనే కాబట్టి మూసేయకండి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు రకాలూ ఉండొచ్చు. విండోస్ ఉండే సి డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ, ఫొటోలూ వీడియోలూ దాచుకునే డి డ్రైవ్ హార్డ్ డిస్క్ అన్న అమరిక బాగా వాడుకలో ఉన్నదే. అందుకే "నా కంప్యూటర్‌కు డీఫ్రాగ్ చేయాలా?" అని కాకుండా "ఈ డ్రైవ్‌కు చేయాలా?" అని అడగాలి. ఇంకో సంగతి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వాడుకునే ఎస్‌ఎస్‌డీని విండోస్ ఒక్కోసారి హార్డ్ డిస్క్ అనుకుంటుంది. అది ఏం కొన్నారో మీకే తెలుస్తుంది కదా, అక్కడ తెర మీది మాట కంటే మీ జ్ఞాపకాన్నే నమ్మండి.

ముక్కలైతే నష్టమెంత?

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో డిస్క్‌ను మామూలుగా 4 కేబీల చిన్న గదులుగా విభజిస్తారు. డిస్క్ కొత్తగా, ఖాళీగా ఉన్నప్పుడు ఏ ఫైల్ రాసినా గదులన్నీ వరసగా దొరుకుతాయి. వాడుతూ వాడుతూ కొన్ని ఫైళ్లు చెరిపేస్తాం, మధ్యమధ్య ఖాళీలు పడతాయి. తర్వాత వచ్చిన పెద్ద ఫైల్‌కు వరసగా అంత చోటు దొరక్కపోతే, ఆ ఖాళీల్లోనే సగం ఇక్కడ, సగం అక్కడ సర్దుతారు. దీన్నే ఫ్రాగ్‌మెంటేషన్ అంటారు. డిస్క్ ఎంత నిండితే ఇది అంత ఎక్కువ.

హార్డ్ డిస్క్‌లో దీనివల్ల నష్టం ఏమిటో లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డేటా చదివే ముల్లు కిందికి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికి ఇంకో 9 మిల్లీసెకన్లు వేసుకోండి. వెరసి ఒక్కో గెంతుకు 13 మిల్లీసెకన్లు.

ఇప్పుడు 1 జీబీ వీడియో ఒకటి ఉందనుకుందాం. వరసగా ఉంటే, సెకనుకు 150 ఎంబీ చదివే డిస్క్ దాన్ని 7 సెకన్లలో చదివేస్తుంది. అదే వీడియో 3000 ముక్కలై ఉంటే గెంతులకే 39 సెకన్లు పోతాయి. 7 సెకన్ల పని కాస్తా 46 సెకన్లయింది. ఇది కంటికి తెలిసే తేడా. మరి 30 ముక్కలే అయితే? గెంతులకు పోయేది అర సెకను కూడా ఉండదు. కాపీ చేసేటప్పుడు మీరు గమనించనైనా గమనించరు.

ఆ రెండో లెక్క మర్చిపోకండి. విండోస్ విస్టా నుంచి డీఫ్రాగ్ ప్రోగ్రామ్ 64 ఎంబీ కంటే పెద్దగా ఉన్న ముక్కల జోలికి మామూలుగా వెళ్లకపోవడానికి కారణం అదే. 64 ఎంబీ చదవడానికే దాదాపు 430 మిల్లీసెకన్లు పడుతుంటే, ఒక్క గెంతుకు పోయే 13 ఏపాటి? కాబట్టి ఎంత ముక్కలైందో చూపే అంకె సున్నా శాతానికి దిగేదాకా మళ్లీ మళ్లీ నడిపించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ఎస్‌ఎస్‌డీ సంగతి పూర్తిగా వేరు. అందులో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఏ మూలనున్న డేటా అయినా 0.1 మిల్లీసెకను, చాలావాటిల్లో అంతకంటే తక్కువలోనే అందుతుంది. పైగా విండోస్‌కు కనిపించే గదుల వరస అసలు వరస కాదు. ఏ డేటాను ఏ చిప్‌లో ఏ మూల పెట్టాలో లోపలున్న కంట్రోలర్ తన లెక్క ప్రకారం నిర్ణయించుకుంటుంది. మీరు వరసగా సర్దానని అనుకున్నది కాగితం మీదే, లోపల అది ఎక్కడెక్కడో ఉంటుంది. దానికి తోడు ఎస్‌ఎస్‌డీ మీద ఎంత రాయవచ్చో ఒక పరిమితి ఉంది. 500 జీబీ డ్రైవ్‌లకు 300 టీబీ దాకా హామీ ఇవ్వడం మామూలు. తెలియక ఒకసారి డీఫ్రాగ్ నొక్కినంత మాత్రాన డ్రైవ్ చచ్చిపోదు, టెన్షన్ పడకండి. కానీ పైసా లాభం లేని పనికి ఆయుష్షు ఎందుకు తగ్గించుకోవడం?

ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ట్రిమ్

మీరు ఫైల్ చెరిపినప్పుడు, ఆ గదులు ఇక అక్కర్లేదని విండోస్ ఎస్‌ఎస్‌డీకి కబురు పెట్టాలి. ఆ కబురే ట్రిమ్. అది అందకపోతే అక్కర్లేని డేటాను కూడా డ్రైవ్ భద్రంగా మోస్తూ, రానురాను రాయడంలో నెమ్మదిస్తుంది. విండోస్ 7 నుంచి ఈ ఏర్పాటు ఉంది. మీ దగ్గర పనిచేస్తోందో లేదో చూడాలంటే, స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మిన్ అని ఉన్న టెర్మినల్ గానీ, పవర్‌షెల్ గానీ, కమాండ్ ప్రాంప్ట్ గానీ తెరవండి. అందులో ఎఫ్ఎస్‌యుటిల్, బిహేవియర్, క్వెరీ, డిజేబుల్‌డిలీట్‌నోటిఫై అన్న నాలుగు మాటల్ని ఇంగ్లీషులో, మాటకూ మాటకూ మధ్య ఒక ఖాళీతో కొట్టండి. మొదటి మాట ఎఫ్, ఎస్, యు, టి, ఐ, ఎల్. చివరి మాటలో ఖాళీలు ఉండవు.

జవాబుగా ఎన్‌టీఎఫ్‌ఎస్ వరసలో 0 వస్తే ట్రిమ్ పనిచేస్తున్నట్టు, 1 వస్తే ఆగిపోయినట్టు. ఇది చాలామందిని తికమక పెడుతుంది. ప్రశ్నే "కబురు ఆపేశారా?" అని ఉంది కాబట్టి, సున్నా అంటే "ఆపలేదు" అని జవాబు. పేరు పెట్టినవాళ్లు కాస్త సూటిగా పెట్టి ఉంటే సరిపోయేది.

ఇందాకటి కిటికీలో ఎస్‌ఎస్‌డీని ఎంచుకుని ఆప్టిమైజ్ నొక్కినా నష్టమేమీ లేదు. విండోస్ 8 నుంచి ఆ బటన్ డ్రైవ్‌ను బట్టి పని మారుస్తుంది, హార్డ్ డిస్క్‌కైతే డీఫ్రాగ్, ఎస్‌ఎస్‌డీకైతే ట్రిమ్. సిస్టమ్ రీస్టోర్ (విండోస్‌ను పాత స్థితికి వెనక్కి తీసుకెళ్లే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నచోట విండోస్ ఎప్పుడైనా తనంతట తాను ఎస్‌ఎస్‌డీని కూడా కొద్దిగా సర్దుతుంది, దానికి కంగారు పడి షెడ్యూల్ ఆపేయకండి. డీఫ్రాగ్ పేరుతో అమ్మే, పంచే బయటి ప్రోగ్రాములు మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద వాడకండి. మీ డ్రైవ్‌లన్నీ ఎస్‌ఎస్‌డీలే అయితే మీకు ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయినట్టే.

హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకు: ఎన్నాళ్లకోసారి?

విండోస్ విస్టా నుంచి డీఫ్రాగ్ వారానికోసారి దానంతటదే నడిచేలా పెట్టి ఇస్తున్నారు. కాబట్టి ఈ ప్రశ్నకు మొదటి జవాబు, "మీరు చేయడం కాదు, అది జరుగుతోందో లేదో చూడండి" అని. అదే కిటికీ అడుగున షెడ్యూల్డ్ ఆప్టిమైజేషన్ ఆన్ అని ఉందా? వరసలో చివరిసారి నడిచిన తేదీ దగ్గరిదేనా? రెండూ సరిగ్గా ఉంటే మీరు చేయాల్సింది ఏమీ లేదు. రెండు మూడు నెలలకోసారి ఇలా తొంగి చూస్తే చాలు.

ఆఫ్ అని ఉంటే చేంజ్ సెట్టింగ్స్ నొక్కి, రన్ ఆన్ ఎ షెడ్యూల్ దగ్గర టిక్ పెట్టి, వీక్లీ ఎంచుకోండి. డ్రైవ్స్ పక్కనున్న చూజ్ నొక్కి మీ హార్డ్ డిస్క్ పేరుకు టిక్ ఉందో లేదో చూడండి. కొన్నిసార్లు షెడ్యూల్ ఆన్‌లోనే ఉంటుంది, డి డ్రైవ్‌కు మాత్రం టిక్ ఉండదు. ఏళ్ల తరబడి సి ఒక్కటే సర్దుకుంటూ ఉంటుంది.

ఆన్‌లో ఉన్నా తేదీ నెలల కిందటిదైతే, కంప్యూటర్ ఊరికే ఉండే సమయం దానికి దొరకడం లేదన్నమాట. ఈ పని మీరు వాడనప్పుడే నడుస్తుంది. పని ఉన్నంతసేపు వాడి, అవగానే షట్‌డౌన్ కొట్టే అలవాటున్న వాళ్ల దగ్గర ఇలా జరుగుతుంది. అలాంటివాళ్లు నెలకోసారి అనలైజ్ నొక్కి అంకె చూసుకోవచ్చు. 10 శాతం దాటితే చేయమని విండోస్ 7 కాలంలో మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్క. నేను ఇప్పటికీ అదే పాటిస్తాను. 4, 5 శాతం కనిపిస్తే కిటికీ మూసేసి నా పని నేను చూసుకుంటాను.

బ్యాకప్‌కు మాత్రమే వాడే బయటి హార్డ్ డిస్క్‌కు ఏడాదికోసారి చూసినా ఎక్కువే. దానిమీద ఒకసారి రాసి వదిలేస్తాం, ముక్కలయ్యే అవకాశమే తక్కువ. టొరెంట్ డౌన్‌లోడ్‌లు, వర్చువల్ మెషీన్ల (కంప్యూటర్‌లోనే నడిచే ఇంకో కంప్యూటర్ లాంటివి) ఫైళ్లు, రోజూ పెరిగే పెద్ద మెయిల్ ఫైళ్లు ఉన్న డ్రైవ్ అయితే తొందరగా ముక్కలవుతుంది, దానికి నెలకోసారి సబబే. పెన్ డ్రైవ్‌లకూ మెమరీ కార్డులకూ ఎప్పుడూ వద్దు, అవీ చిప్పులే.

బటన్ నొక్కే ముందు

ఒకసారి తెలిసినవాళ్ల కంప్యూటర్ బాగా నెమ్మదిగా ఉందంటే, పెద్ద తెలిసినవాడిలా వెళ్లి నేరుగా డీఫ్రాగ్ పెట్టాను. 4 శాతం దగ్గర ఆగింది. అరగంటైనా అక్కడే. చెవి దగ్గర పెట్టి వింటే లోపల టిక్కు టిక్కుమని ఒకటే చప్పుడు. అప్పుడు ఆపి డిస్క్ ఆరోగ్యం చూస్తే, చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు, అంటే డిస్క్ మీది చిన్న చిన్న భాగాలు, వందల్లో ఉన్నాయి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను పట్టుకుని నేను కసరత్తు చేయిస్తున్నాను. ఆ రాత్రి ఫొటోలు బయటికి తీసేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

అప్పటినుంచి వరస మార్చుకున్నాను. మొదట ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే డ్రైవ్ పరిస్థితి గుడ్ అనో కాషన్ అనో ఒక్క మాటలో చెబుతుంది. కింద జాబితాలో 05 సంఖ్య ఉన్న వరస రీఎలొకేటెడ్ (పాడైతే బదులు వేరేచోటు ఇచ్చిన) సెక్టార్లది, సి5 ఉన్న వరస పెండింగ్ (చదవడానికి మొరాయిస్తున్న) సెక్టార్లది, ఈ రెండూ చూడండి. రా వాల్యూస్ అన్న గడిలో అన్నీ సున్నాలైతే మంచిదే. సి5లో అంకె కనిపిస్తే డీఫ్రాగ్ మాట మరిచిపోయి ముందు ముఖ్యమైనవన్నీ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

రెండోది, పొరపాటున ఏదైనా ఫైల్ చెరిపేసి దాన్ని మళ్లీ రాబట్టుకోవాలని చూస్తున్నారా? అయితే డీఫ్రాగ్ అసలు ముట్టుకోకండి. చెరిపిన ఫైల్ డేటా ఇంకా ఖాళీ గదుల్లోనే ఉంటుంది. డీఫ్రాగ్ సర్దేది ఆ గదుల్లోకే. ఒకసారి దానిమీద వేరేది రాసేస్తే ఇక చేయగలిగింది లేదు.

మూడోది చోటు. సర్దాలంటే పక్కన పెట్టుకోవడానికి ఖాళీ ఉండాలి. 15 శాతం ఖాళీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. లేకపోతే ముందు రీసైకిల్ బిన్, తాత్కాలిక ఫైళ్లు, అక్కర్లేని డౌన్‌లోడ్‌లు తీసేయండి. ఈ తీసివేతలు డీఫ్రాగ్‌కు ముందే చేయాలి. సర్దాక చెరిపితే మళ్లీ ఖాళీలు పడతాయి, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టండి.

ఇక చేయడం

కిటికీలో మీ హార్డ్ డిస్క్ వరస మీద క్లిక్ చేసి అనలైజ్ నొక్కండి. రెండు మూడు నిమిషాల్లో కరెంట్ స్టేటస్ గడిలో ఎంత శాతం ముక్కలైందో వస్తుంది. 10 దాటితే ఆప్టిమైజ్ నొక్కండి. అదే గడిలో పాస్ 1 అని, పక్కన శాతం అని కదలడం మొదలవుతుంది. పాస్ అయిపోగానే పని అయిపోయిందనుకోకండి, పాస్ 2, పాస్ 3 అని మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, పక్కనున్న మాట కూడా డీఫ్రాగ్‌మెంటెడ్, కన్సాలిడేటెడ్ అని మారుతుంటుంది. ముక్కలను కలపడం ఒక పని, మిగిలిన ఖాళీలను ఒకచోటికి చేర్చడం ఇంకో పని.

ఎంతసేపు? డిస్క్ ఎంత పెద్దది, ఎంత నిండింది అన్నదాన్ని బట్టి అరగంట కావొచ్చు, ఓ రాత్రంతా పట్టొచ్చు. నిద్రపోయే ముందు పెట్టి, కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా పవర్ సెట్టింగ్ మార్చుకోవడం నయం. నడుస్తుండగా వాడుకోవచ్చు, కాకపోతే రెండూ నత్తనడకే. మధ్యలో ఆపాలంటే స్టాప్ నొక్కండి, డేటాకు ఏమీ కాదు. అయ్యాక కూడా అంకె 1 శాతమో 2 శాతమో చూపిస్తే వదిలేయండి. విండోస్ తెరిచి పట్టుకున్న కొన్ని సిస్టమ్ ఫైళ్లు, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునేది) లాంటివి, కదపడానికి వీల్లేనివి.

బయటి హార్డ్ డిస్క్‌ల విషయంలో ఒక మాట. పెద్ద సైజు పోర్టబుల్ డిస్క్‌లలో చాలావాటికి ఎస్‌ఎంఆర్ అనే పద్ధతి ఉంటుంది. ఇంటి పెంకుల్లా ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే దాని పక్కనున్న వరసంతా తిరిగి రాయాలి. వాటికి డీఫ్రాగ్ పెడితే రోజు గడిచినా తెమలకపోవచ్చు. అలాంటి డిస్క్ నిజంగా ముక్కలై ఉంటే, డేటా అంతా వేరే చోటికి కాపీ చేసి, కాపీ సరిగ్గా వచ్చిందో చూసుకుని, డిస్క్ ఫార్మాట్ చేసి, తిరిగి పోయడం తేలిక. ఫైళ్లు వాటంతటవే వరసగా కూర్చుంటాయి.

మ్యాక్ వాడేవాళ్లకు ఆపిల్ అసలు డీఫ్రాగ్ బటనే ఇవ్వలేదు, వెతకనక్కర్లేదు. లైనక్స్‌లో ఫైళ్లను దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతి రాసేటప్పుడే వీలైనంత వరసగా చోటు చూసుకుంటుంది. అనుమానంగా ఉంటే ఈ4డీఫ్రాగ్ కమాండ్‌ను సి ఆప్షన్‌తో నడిపితే ఏదీ కదపకుండా పరిస్థితి మాత్రం చెబుతుంది.

చేసినా నెమ్మదిగానే ఉంటే

పుండు ఒకచోట, మందు ఇంకోచోట అయిందన్నమాట. మళ్లీ టాస్క్ మేనేజర్ తెరవండి. మెమరీ 90 శాతం దగ్గర తచ్చాడుతుంటే ర్యామ్ చాలడం లేదు, ఆ లోటును విండోస్ డిస్క్ మీద పూడ్చుకుంటోంది. మెమరీ బాగానే ఉండి డిస్క్ 100 శాతం దగ్గర నిలబడితే, ప్రాసెసెస్‌లో డిస్క్ అన్న గడి మీద క్లిక్ చేసి పైన ఎవరున్నారో చూడండి. యాంటీవైరస్ స్కాన్ గానీ, అప్‌డేట్ గానీ అయితే కాసేపట్లో తగ్గుతుంది. ఆన్ చేసినప్పుడే నెమ్మది అయితే స్టార్టప్ జాబితాలో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి.

విండోస్ ఉన్న సి డ్రైవ్ ఇంకా హార్డ్ డిస్కే అయితే, నా ఉద్దేశంలో డీఫ్రాగ్ కోసం వెచ్చించే ఓపికను దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చడం మీద పెట్టండి. ఒక్కో గెంతుకు 13 మిల్లీసెకన్లు తీసుకునేదాన్ని ఎంత సర్దినా, విండోస్ మొదలయ్యేటప్పుడు చదివే వేలాది చిన్న ఫైళ్ల మధ్య గెంతులు తప్పవు. మార్చేటప్పుడు పాత డ్రైవ్‌ను క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేసి ఉంటే, ఆప్టిమైజ్ కిటికీ ఒకసారి తెరిచి మీడియా టైప్ సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని మారిందో లేదో చూసుకోండి. ఇంకా హార్డ్ డిస్క్ అనే చూపిస్తుంటే ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. మారిందంటే షెడ్యూల్‌ను అలాగే ఆన్‌లో వదిలేయండి, వారం వారం ఇక అది పంపేది ట్రిమ్ కబురే.